తల తిరగాలి గానీ తాళం కాదు

ఒరేయ్ నాన్నా,

తల తిరిగేలా, పాత టేపులా వినిపించాలని నువ్వు చేసిన ఆల్బమ్ మొత్తం హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. సింథ్‌లు బాగున్నాయి. కానీ రెండో పాటకే మత్తెక్కడం మానేసి కడుపులో తిప్పింది. డ్రమ్స్‌కి ఫేజర్, బేస్‌కి కోరస్, గొంతుకి పిచ్ వణుకు, అన్నీ ధ్వనిని ఊపే ఎఫెక్టులే, పైగా మిక్స్ మొత్తానికి పాత టేపు వణుకుని అనుకరించే టేప్ ప్లగిన్! రంగులరాట్నం ఎక్కినవాడికి తిరుగుతున్నట్టు తెలిసేది కింద నేల కదలదు కాబట్టే కదరా.

1966లో బీటిల్స్ చేసిన ‘టుమారో నెవర్ నోస్’ ఈసారి కింది నుంచి విను. పైన టేప్ లూపులు, అంటే మళ్ళీ మళ్ళీ మోగే టేపు ముక్కలు, సుళ్ళు తిరుగుతుంటాయి. రెండో సగంలో లెనన్ గొంతు లెస్లీ స్పీకర్‌లోంచి వస్తుంది. ఆర్గన్ కోసం తయారైన పెట్టె అది, లోపల హారన్ గిరగిరా తిరుగుతుంటుంది. అంత గోలలోనూ రింగో డ్రమ్స్ వరస చెదరదు, అడుగున తంబూరా శ్రుతి ఆగదు. నువ్వూ కిక్ డ్రమ్, బేస్ మోనోలో, పొడిగా (ఎఫెక్టులు లేకుండా), మధ్యలో ఉంచు. ఊపేదేదో ప్యాడ్‌లనే, వెనక సాగే ఆ సింథ్ స్వరాల్నే, ఊపు.

ఇక పాతదనం సంగతి. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. మోటారో రోలరో కాస్త తడబడితే చాలు, స్వరం జారుతుంది. నిదానంగా జారితే వావ్, గబగబా వణికితే ఫ్లటర్. నీ ప్లగిన్ మాత్రం గడియారం పెట్టుకుని వణుకుతోంది. తడబాటుకి లెక్క ఉండదు. రాండమ్‌లో పెట్టి, ఐదు నుంచి పది సెంట్లు దాటనివ్వకు. అర్ధస్వరానికి ఉన్నవే వంద. పాత డెక్ దొరికితే మరీ మంచిది: ఒక్క ప్యాడ్‌ని అందులోకి ఎక్కించి మళ్ళీ దించుకో. కంప్యూటర్‌లోని తాళం గళ్ళకి, అదే గ్రిడ్‌కి, అతకదు. అతికించకు.

జూనో-60 సింథ్ వచ్చింది 1982లో. దాని కోరస్ ఇప్పుడు అందరి పాటల్లోనూ ఉంది, నీ పాటల్లో ఉండాల్సిన పనేముంది? స్కాట్లండ్ జంట బోర్డ్స్ ఆఫ్ కెనడా తమ పేరునే నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ఆఫ్ కెనడా నుంచి తీసుకున్నారు. చిన్నప్పుడు చూసిన ఆ సంస్థ చిత్రాలు వాళ్ళ చెవుల్లో అలా ఉండిపోయాయి. నువ్వు పుట్టకముందటి బెంగ అరువు తెచ్చుకోకు. నీ చిన్నప్పటి వీడియో గేమ్ బీప్‌లో, ఫోన్‌లో రికార్డైన గరగర గొంతులో వెతుకు.

రివెర్బ్‌లో, అంటే ఆ ప్రతిధ్వనిలో, అడుగు స్వరాలు కోసెయ్, బురద తగ్గుతుంది. ఎఫెక్టులన్నీ ఆపేసి పల్లవి ఊరికే పాడి చూడు. నిలబడకపోతే ట్యూనే మార్చాలి, ప్లగిన్ కాదు.

నాలుగో పాట జోలికి మాత్రం పోకు, అది కుదిరింది. మిగతావాటి బేస్ సరిచేసి నాకు పంపాకే మాస్టరింగ్‌కి, అదే చివరి మెరుగుకి, ఇవ్వు.

మీ మావయ్య