ప్రీమియం ఎకానమీలో ఏ సంస్థ మేలు అని కాదు, ఏ విమానం అని చూడండి

వెళ్ళేటప్పుడు తొమ్మిది గంటల పగటి ప్రయాణం, వచ్చేటప్పుడు పద్నాలుగు గంటల రాత్రి ప్రయాణం ఉన్నాయనీ, రెండింటికీ ప్రీమియం ఎకానమీ, అంటే ఎకానమీకీ బిజినెస్ క్లాస్‌కూ మధ్యనున్న తరగతి, తీసుకోవడం దండగా కాదా, తీసుకుంటే ఏ సంస్థది మేలు అనీ మీరు అడిగారు. గత పన్నెండేళ్ళలో నేను ఈ తరగతిలో తొమ్మిదిసార్లు ప్రయాణించాను. వాటిలో రెండుసార్లు మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ నా పక్కన ఉంది, ఒక్కసారి తప్ప ప్రతిసారీ డబ్బు నా జేబులోనిదే. ఆ అనుభవంతో చెబుతున్నాను: సంస్థ పేరు చూసి ఎంచుకున్నప్పుడు నేను రెండుసార్లు నష్టపోయాను, విమానం రకం, సీటు తీరు చూసి ఎంచుకున్న తరువాత ఒక్కసారి కూడా విచారించలేదు.

ముందుగా ఒక పొరపాటు తొలగించుకోవాలి. పేరులో ప్లస్ అనో ఎక్‌స్ట్రా అనో ఉన్న ప్రతిదీ ప్రీమియం ఎకానమీ కాదు. అమెరికా సంస్థ యునైటెడ్‌లో ఎకానమీ ప్లస్ అంటే అదే ఎకానమీ సీటు, కాళ్ళకు మాత్రం కొంచెం ఎక్కువ జాగా. ప్రీమియం ప్లస్ అన్నది వేరే సీటు, వేరే క్యాబిన్. మరో అమెరికా సంస్థ డెల్టాలో కంఫర్ట్ అనే పేరుతో అమ్మేది మొదటి కోవకు చెందినది, ప్రీమియం సెలెక్ట్ రెండో కోవకు చెందినది. టికెట్ కొనే పేజీలో ఇవి పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి, ధర తక్కువగా ఉందని సంతోషించే ముందు సీట్ల పటం తెరిచి ఒక్కో వరుసలో ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టండి. వెనుక ఎకానమీలో ఉన్నన్ని సీట్లే ఇక్కడా ఉంటే అది మీరు అడుగుతున్న తరగతి కాదు.

ఆ లెక్కే అసలు పోలికకు కూడా ఆధారం. విమాన సంస్థలు ప్రకటనల్లో పిచ్‌ను, అంటే ఒక సీటు మీది బిందువు నుంచి ముందు సీటు మీద అదే బిందువు దాకా ఉన్న దూరాన్ని, ఘనంగా చెప్పుకుంటాయి. ఎకానమీలో అది ఎక్కువగా 31, 32 అంగుళాలు, ప్రీమియంలో 38 అంగుళాలు ఉంటుంది. దాదాపు అందరిదీ 38 చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఆ అంకె మంచి చెడ్డలను తేల్చదు. తేడా తెలిసేది భుజాల దగ్గర. బోయింగ్ 777 ఎకానమీలో ఇప్పుడు చాలా సంస్థలు వరుసకు 10 సీట్లు వేస్తున్నాయి, ప్రీమియంలో 8 వేస్తాయి. 787లో 9 సీట్ల చోట 7 వేస్తాయి. ఎయిర్‌బస్ ఏ350లో మాత్రం 9 సీట్ల చోట సాధారణంగా 8 వేస్తాయి. అంటే 777, 787 విమానాల్లో వరుసకు ఇద్దరు తగ్గుతున్నారు, ఏ350లో ఒక్కరే. పైగా ఏ350 ఎకానమీ సీటు 777 ఎకానమీ సీటుకన్నా ముందే కాస్త వెడల్పు. అందుచేత ఏ350లో ఎకానమీ నుంచి ప్రీమియంకు మారినప్పుడు పక్కకు దక్కే అదనపు జాగా మనం ఊహించినంత ఉండదు, 787లో ఊహించినదానికన్నా ఎక్కువే ఉంటుంది.

నాకు ఇది లెక్కల ద్వారా కాక మోచేతి ద్వారా తెలిసింది. ఒకే ఏడాదిలో ఒకసారి 787లో, ఒకసారి ఏ350లో ప్రీమియంలో వెళ్ళాను. రెండో సంస్థకు పేరు ఎక్కువ, భోజనం మెరుగు, తెర పెద్దది. అయినా దిగిన తరువాత భుజం పట్టేసింది ఆ విమానంలోనే. క్యాబిన్ వెడల్పు 787లో సుమారు 5.49 మీటర్లు, ఏ350లో 5.61 మీటర్లు. ఆ పన్నెండు సెంటీమీటర్ల కోసం ఒక మనిషిని అదనంగా కూర్చోబెట్టారన్న సంగతి ఇంటికి వచ్చాక వెతికితే తెలిసింది. ఏ350ను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. అది ఎంతో నిశ్శబ్దంగా ఉండే విమానం. పైగా 787, ఏ350 రెండింటిలోనూ క్యాబిన్ లోపలి గాలి పీడనం 6,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంటుంది. పాత విమానాల్లో అది 8,000 అడుగుల దాకా ఉండవచ్చు; ఆ ఎత్తు తగ్గినకొద్దీ ఒంటికి హాయి. కానీ ఆ సుఖం ఎకానమీలో కూర్చున్నవారికి కూడా అంతే దక్కుతుంది, దాని కోసం పై తరగతికి డబ్బు కట్టనక్కరలేదు.

ఎమిరేట్స్ వారు 2021లో మొదలుపెట్టిన ప్రీమియం ఎకానమీకి మంచి పేరు రావడానికి కూడా నా దృష్టిలో సగం కారణం రెండంతస్తుల ఏ380 విమానమే. ఆ క్యాబిన్‌లో 56 సీట్లు, 40 అంగుళాల పిచ్, 19.5 అంగుళాల వెడల్పు. కింది అంతస్తు అంత విశాలంగా ఉన్నప్పుడు వరుసకు 8 సీట్లు వేసినా ఎవరికీ ఇరుకనిపించదు.

వెడల్పు తరువాత చూడవలసినది సీటు వాలే తీరు. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో సీటు వీపు వెనక్కి, సుమారు ఏడెనిమిది అంగుళాలు వాలుతుంది. రెండో రకంలో వీపు వెనుక కదలని గట్టి చిప్ప ఉంటుంది, సీటు ఆ చిప్పలోనే ముందుకు జారుతుంది. జపాన్ ఎయిర్‌లైన్స్ ప్రీమియం సీటు, 2009లో ఎయిర్ ఫ్రాన్స్ ప్రవేశపెట్టిన మొదటి ప్రీమియం సీటు ఈ రెండో రకానివి. ముందువారు ఎంత వాల్చుకున్నా మన ఒడిలోకి రారు కాబట్టి, ప్రయాణమంతా ల్యాప్‌టాప్ తెరిచి పని చేసుకునేవారికి ఇంతకన్నా మర్యాదైన ఏర్పాటు లేదు. నిద్రపోదామనుకున్నవారికి మాత్రం ఇది పరీక్షే. ముందుకు జారినకొద్దీ మన మోకాళ్ళ జాగాను మనమే తినేస్తాం, నడుము కింద ఖాళీ ఏర్పడుతుంది. ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ ఎత్తున్న నేను అటువంటి సీటులో పదకొండు గంటల రాత్రి ప్రయాణం చేసి, తెల్లవారేసరికి సీటును నిటారుగా పెట్టుకుని కూర్చోవడమే నయమన్న నిర్ణయానికి వచ్చాను. మీ తిరుగు ప్రయాణం రాత్రి కాబట్టి మొదటి రకం సీటున్న విమానాన్నే వెతకండి.

కాళ్ళ ఆసరా గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటి ఉంది. కొన్ని సీట్లకు పిక్కల కింద నుంచి లేచే పలక ఉంటుంది, కొన్నింటికి ముందు సీటు అడుగున దించుకునే కడ్డీ మాత్రమే ఉంటుంది, కొన్నింటికి రెండూ ఉంటాయి. అయిదడుగుల ఎత్తున్న మా అమ్మకు ఆ కడ్డీ అందలేదు. పలక ఉన్న సీటులో ఆమె కాళ్ళు హాయిగా ఆనాయి. నాకు అదే పలక పిక్క మధ్యలో ఒత్తుకుని తిమ్మిరి తెప్పించింది. కాబట్టి ఒకరు బాగుందన్న సీటు మరొకరికి బాగుండకపోవడంలో వింత లేదు. మీ ఎత్తు చెప్పకుండా సలహా అడిగారు, అందుకే రెండు సంగతులూ రాస్తున్నాను.

ఇక ఈ తరగతిలోని లోటు ఒకటి. ఇక్కడ ట్రే, కొన్నిచోట్ల తెర కూడా చేతుల ఆసరాలోనే మడిచి ఉంటాయి, అందువల్ల ఆ ఆసరా పైకి లేవదు. పక్క సీటు ఖాళీగా ఉన్నా దాని మీదికి ఒరిగి పడుకునే వీలుండదు. ఎకానమీలో ఆసరాలు లేపి మూడు ఖాళీ సీట్ల మీద పడుకున్న మనిషి, ఇక్కడ రెట్టింపు ఇచ్చి కూర్చున్న మనిషికన్నా సుఖంగా నిద్రపోతాడు. రద్దీ లేని రోజుల్లో ప్రయాణమైతే ఆ జూదం ఆడవచ్చు, నేను రెండుసార్లు ఆడి ఒకసారి గెలిచాను. ఎవరైనా ఇది చవకలో దొరికే బిజినెస్ క్లాస్ అని చెబితే నమ్మకండి. అక్కడ సీటు మంచంలా పరుచుకుంటుంది, ఇక్కడ అది మంచి కుర్చీగానే మిగులుతుంది. విమానాశ్రయంలోని లాంజ్, అంటే ప్రత్యేక విశ్రాంతి గది, ప్రవేశం కూడా మామూలుగా ఉండదు. భోజనం, దుప్పటి, ముందుగా ఎక్కనివ్వడం వంటివి ఉంటాయి గానీ వాటి కోసం నేను విడిగా డబ్బు పెట్టను. అదనపు సామాను అవకాశం మాత్రం లెక్కలో వేసుకోండి. రెండో పెట్టెకు ఎకానమీలో విడిగా కట్టవలసి ఉంటే ధరల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది.

నిజానికి ఈ తరగతి ఎంత దూరం వచ్చిందో చూడాలంటే సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కు నేరుగా వెళ్ళే సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని చూడాలి. 2018లో ఆ సర్వీసును తిరిగి మొదలుపెట్టినప్పుడు అందులో ఎకానమీయే పెట్టలేదు; 67 బిజినెస్ సీట్లు, 94 ప్రీమియం ఎకానమీ సీట్లు, అంతే. పద్దెనిమిది గంటలు దాటే ప్రయాణంలో అతి కింది తరగతి ఇదే అయినప్పుడు, దీనిని విలాసం అనడానికి నాకు నోరు రాదు. అయితే కుర్చీ ఎంత వెడల్పైనా కదలకుండా కూర్చోకూడదు. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కదలక కూర్చుంటే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. అసలు ముప్పు చిన్నదే, ఆరోగ్యవంతుల్లో సుమారు ఆరు వేల మందిలో ఒకరికి, కానీ పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు నేను నడవ పక్క సీటే తీసుకుని గంటన్నరకోసారి వారిని లేపి నడిపిస్తాను.

ధర సంగతి. నేను చూసినంతవరకు ప్రీమియం ధర ఎకానమీ ధరకు ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్లకు పైగా ఉంటుంది. అందులో పన్నుల వాటా కూడా ఉంటుందని గుర్తుంచుకోండి. బ్రిటన్ నుంచి బయలుదేరే విమానాలకు విధించే ప్రయాణికుల సుంకం, విమానంలోని అతి తక్కువ తరగతికి ఒక రేటు, ఆ పైనున్న తరగతులన్నిటికీ రెట్టింపుకు మించిన రేటు. ప్రీమియం ఎకానమీ రెండో కోవలోకే వస్తుంది. కాబట్టి మీ తిరుగు ప్రయాణం అక్కడి నుంచైతే ఆ తేడా సంస్థకు పోయేది కాదు, ప్రభుత్వానికి పోయేది. ముందుగా కొనకుండా, ప్రయాణానికి కొద్ది రోజుల ముందు సంస్థ పంపే అప్‌గ్రేడ్ ధర, అంటే పై తరగతికి మారే ధర, కోసం ఎదురుచూడడం మరో దారి. నేను అలా ఒకసారి సగం తేడాకే మారాను, మరోసారి సీట్లు అయిపోయి మిగిలిపోయాను. మోకాళ్ళ నొప్పులున్నవారు వెంట ఉంటే ఆ సాహసం వద్దు.

విమానం రకం చూసి కొనడంలో ఒక చిక్కుంది, సంస్థలు చివరి నిమిషంలో విమానాన్ని మార్చవచ్చు. పేరు చెప్పను గానీ ఒక సంస్థ నా విషయంలో అదే చేసింది. మార్చిన విమానంలో ప్రీమియం క్యాబిన్ లేదు. నన్ను ఎకానమీలో కూర్చోబెట్టి, ఆనాటి ఎకానమీ ధర అప్పటికే బాగా పెరిగి ఉంది కాబట్టి తిరిగి ఇవ్వవలసిన తేడా చాలా స్వల్పమని తేల్చారు. నాలుగు నెలలు ఉత్తరాలు రాస్తే కొంత వచ్చింది. ఐరోపా సమాఖ్య దేశాల నుంచి బయలుదేరినా, అక్కడి సంస్థల విమానంలో అక్కడికి వెళుతున్నా ఇంత బాధ ఉండదు. 261/2004 నిబంధన ప్రకారం, సమాఖ్య దాటి వెళ్ళే 3,500 కిలోమీటర్లకు మించిన ప్రయాణంలో కింది తరగతికి దించితే, దించిన అంచెకు కట్టిన ధరలో 75 శాతం తిరిగి ఇవ్వాలి. బోర్డింగ్ పాస్ పారేయకుండా దాచుకోండి, నేను పారేసి ఇబ్బంది పడ్డాను.

మీ విషయానికి వస్తే, తొమ్మిది గంటల పగటి ప్రయాణానికి నేనైతే ఎకానమీలోనే నడవ పక్క సీటు తీసుకుంటాను. పద్నాలుగు గంటల రాత్రి ప్రయాణానికి మాత్రమే ప్రీమియం కొంటాను. రెండు వైపులా ఒకే తరగతి ఉండాలన్న నియమం చాలా సంస్థల్లో లేదు, పేజీలో విడివిడిగా ఎంచుకుని మొత్తం చూడండి. 787 దొరికితే మొదట దానిని, లేకపోతే 777ను చూడండి. ఇద్దరు వెళుతుంటే కిటికీ పక్కనున్న రెండు సీట్ల జత తీసుకోండి. ఒంటరిగా వెళుతుంటే నడవ పక్కది తీసుకోండి, నాలుగు సీట్ల మధ్య వరుసలో లోపలి రెండింటికి మాత్రం డబ్బు పెట్టకండి. మొదటి వరుసలో ముందు గోడ ఉంటుంది కాబట్టి ఎవరూ మీ మీదికి వాలరు, కానీ పసిపిల్లల ఊయలలు తగిలించేది తరచుగా అక్కడే. ఆ వరుసలో నాకు ఒక రాత్రి ఇద్దరు పసివాళ్ళు వంతులవారీగా జాగారం చేయించారు. వాళ్ళ తల్లిదండ్రులు నాకన్నా అలసిపోయి కనిపించడం వల్ల నోరు మెదపలేదు.