పదమూడేళ్ల పాపకు ఇన్‌స్టాగ్రామ్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి దగ్గర పల్లె. మా వారు రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తారు, రాత్రిళ్లు అక్కడే ఉంటారు. మా పాపకు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. ఎండాకాలం సెలవుల్లో ఇన్‌స్టాగ్రామ్ పెట్టుకుంది. అప్పట్నుంచి రాత్రి ఒంటిగంటయినా పడుకోదు. పొద్దున తలనొప్పి అంటుంది, టిఫిన్ తినకుండానే బడికి పోతుంది. ఫోన్ లాక్కుంటే రెండు రోజులు మాట్లాడలేదు. క్లాసులో అందరికీ ఉందంటుంది. ఇవ్వాలా, మాన్పించాలా?

జవాబు: అమ్మా, ఈ వయసులో సొంత అకౌంట్ వద్దు. పదహారు వచ్చేదాకా ఆగండి. పదమూడు నిండితే పెట్టుకోవచ్చని ఆ కంపెనీయే అంటోంది కదా అని పాప అడగొచ్చు. పిల్లల వివరాల సేకరణ మీద అమెరికా 1998లో చేసిన చట్టం నుంచి వచ్చిన అంకె అది. పిల్లల ఆరోగ్యం చూసి పెట్టింది కాదు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు వాళ్లకు ఇలాంటి అకౌంట్లు ఉండకూడదు. అక్కడ జరిమానా పడేది కంపెనీలకే, పిల్లలకూ తల్లిదండ్రులకూ కాదు. నాకు అది న్యాయంగా అనిపిస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది నిద్ర. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఒంటిగంటకు పడుకుని ఆరింటికి లేచే పిల్లకు దక్కేది ఐదు గంటలే. దుప్పటి కింద ఫోన్ వెలుతురు నిద్ర హార్మోన్‌ను ఆలస్యం చేస్తుంది. అంతకన్నా, తన ఫొటోకు లైకులు వచ్చాయా, ఫలానా స్నేహితురాలు చూసి కూడా ఏమీ అనలేదేంటి అన్న ఆరాటం మెదడును పడుకోనివ్వదు. మెచ్చుకోలు కోసం తపించే మెదడు భాగం ఈ వయసులో చాలా చురుగ్గా ఉంటుంది. ఇక చాలు అని ఆపే భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. కాబట్టి పాపను మొండిదని తిట్టకండి.

తలనొప్పికి నిద్రలేమి, ఖాళీ కడుపు రెండూ కారణం కావచ్చు. అయినా ఒకసారి కళ్లు చూపించి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆడపిల్లల్లో రక్తహీనత మన దగ్గర చాలా మామూలు.

ఫోన్ మాత్రం మళ్లీ లాక్కోవద్దు. తిట్లకు భయపడే పిల్ల, రేపు ఎవడైనా ఫొటో అడిగి బెదిరిస్తే మీతో చెప్పదు. అసలు ప్రమాదం అక్కడుంది. తీరిగ్గా కూర్చోబెట్టుకుని, ఏం చూస్తుందో మీకు చూపించమనండి. ఆ తర్వాత అకౌంట్ తనచేతే తీయించండి. హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో వస్తే మీ ఫోన్‌లోనే చూసుకోనివ్వండి. రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఫోన్లన్నీ, మీదీ కలిపి, ముందు గదిలో చార్జింగ్‌కు పెట్టండి. గుంటల దగ్గర్నుంచి ఫోన్ వస్తే రింగ్ వినిపిస్తుంది కదా. వాళ్ల నాన్నకు కూడా ఈ మాట ముందే చెప్పండి, ఆయన గారాబంగా ఇచ్చేస్తే మీరొక్కరే చెడ్డవాళ్లవుతారు. మొదటి పది పదిహేను రోజులు చిరాకు పడుతుంది. సాయంత్రం స్నేహితురాళ్లను ఇంటికి పిలవనివ్వండి, ఆడుకోనివ్వండి.

పాప తిండి బాగా తగ్గించినా, ఎవరితోనూ కలవకపోయినా, చేతుల మీద గాట్లు కనిపించినా, చచ్చిపోతానన్నా ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఏ వేళలో చేసినా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా. ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తే ఆ మెసేజ్‌లు చెరిపేయకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.