పికప్‌కు కొత్త టైర్లు: ధర కంటే ముందు చూడవలసిన అంకె

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం కొన్న పసుపు బోర్డు పికప్ నాకు ఉంది. సీజన్‌లో మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నై కోయంబేడుకు టమాటా తోలుతాను. మిగతా రోజుల్లో సిమెంటు, దాణా బస్తాలు చుట్టుపక్కల ఊళ్లకు వేస్తాను. వెనుక టైర్లు రెండూ నున్నగా అరిగిపోయాయి. ముందువాటికి సగం ట్రెడ్ (రోడ్డుకు తగిలే గాడుల రబ్బరు) ఉంది కానీ లోపలి అంచు ఎక్కువగా అరిగింది. అదే కొలతలో జీపుకు వేసే టైర్లు తక్కువ ధరకు వస్తాయని దుకాణంవారు అంటున్నారు. రీట్రెడ్ చేయిస్తే, అంటే అరిగిన టైరు మీదే కొత్త ట్రెడ్ వేయిస్తే చాలునని మా డ్రైవరు అంటున్నాడు. ఏది మేలు? రెండే కొంటే ముందు వేయించాలా, వెనుక వేయించాలా?
— ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: జీపు టైర్లు వేయించుకోవద్దు. కొలత ఒకటే అయినంత మాత్రాన రెండు టైర్లూ ఒకే బరువు మోస్తాయని అనుకోకూడదు. టైరు పక్కగోడ మీద 215/75 ఆర్15 అని ఉంటే వెడల్పు 215 మిల్లీమీటర్లనీ, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, అంటే సుమారు 161 మిల్లీమీటర్లనీ, రేడియల్ రకమనీ, 15 అంగుళాల రిమ్ముకు సరిపోతుందనీ అర్థం. ఇవన్నీ టైరు బండికి పట్టే సంగతిని చెబుతాయే తప్ప ఎంత మోస్తుందో చెప్పవు. ఆ సంగతి చెప్పేది వాటి పక్కనే ఉండే లోడ్ ఇండెక్స్ అంకె. అది 100 అయితే ఒక్క టైరు గరిష్ఠంగా 800 కిలోలు, 110 అయితే 1,060 కిలోలు, 112 అయితే 1,120 కిలోలు మోయగలదు.

ఇప్పుడు మీ బండి లెక్క చూద్దాం. ఆర్సీలో మొత్తం బరువు మూడు టన్నులని ఉందనుకుందాం. నిండు లోడులో మూడింట రెండు వంతులు వెనుక ఇరుసు మీదే పడితే అది రెండు టన్నులు, అంటే ఒక్కో టైరు మీద టన్ను. 100 ఇండెక్స్ ఉన్న జీపు టైరు అక్కడ 200 కిలోలు తక్కువ పడుతుంది. ఆ తేడా మొదటి ట్రిప్పులో కనిపించదు. బరువుకు పక్కగోడ అతిగా వంగుతూ లేస్తూ ఉండడం వల్ల లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి పొరలు విడిపోవడం మొదలవుతుంది. చివరికి ఏ మే నెల మధ్యాహ్నమో, హైవే మీద లోడుతో ఉండగా టైరు పేలుతుంది. ఊహ మీద ఆధారపడనక్కర లేదు. ఈసారి కాటా వేయించేటప్పుడు బండి మొత్తాన్ని తూచాక, వెనుక చక్రాలను మాత్రమే కాటా మీద ఉంచి మరొకసారి తూపించండి. ఆ బరువులో సగానికి పైన కొంత మిగులు ఉండేలా ఇండెక్స్ ఎంచుకోవాలి, అది కంపెనీ పుస్తకంలో సూచించిన దానికి తగ్గకూడదు. ఎక్కువ ఇండెక్స్ టైరు వేసినంత మాత్రాన ఎక్కువ సరుకు వేయవచ్చని కూడా కాదు. ఇరుసు, బ్రేకులు, కమాన్ కట్టలు పాతవే కదా. పైగా 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా ఉంది.

కొన్ని పికప్‌లకు 7.00 ఆర్15 ఎల్‌టీ 12 పీఆర్ అన్న తరహా గుర్తు ఉన్న టైర్లు వస్తాయి. ఎల్‌టీ అంటే తేలికపాటి ట్రక్కు కోసం చేసినదని, పీఆర్ అంటే ప్లై రేటింగ్ అని. 12 అంటే లోపల పన్నెండు పొరలున్నాయని కాదు, అంత బలానికి సమానమని. ఇలాంటి టైరును ట్యూబుతో వాడుతున్నట్లయితే ట్యూబునూ, దానికీ రిమ్ముకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ అయిన ఫ్లాపునూ కూడా కొత్తవే వేయించండి. సాగిపోయిన పాత ట్యూబు కొత్త టైరులో మడత పడి, మడత పడిన చోటే తెగుతుంది.

రీట్రెడ్‌ను పూర్తిగా తీసిపారేయలేము. కేసింగ్, అంటే ట్రెడ్ కింద ఉండే టైరు అసలు కట్టడం, గట్టిగా ఉండి, చేసేవారు నిపుణులైతే పెద్ద లారీల వెనుక ఇరుసు మీద అది బాగానే నడుస్తుంది. అయితే అక్కడ పక్కపక్కనే రెండేసి టైర్లు ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా బండి నిలబడుతుంది. మీ పికప్‌కు వెనుక పక్కకు ఒక్కటే ఉంది. టమాటా లోడుతో భాకరాపేట ఘాట్ దిగవలసిన బండికి నేను దాన్ని సిఫార్సు చేయను. ముందు చక్రాలకైతే అసలే వద్దు.

కొత్తవి రెండే కొంటే వెనుకే వేయించండి. ముందు టైరు పేలితే స్టీరింగు పోతుందన్న భయంతో చాలామంది డ్రైవర్లు కొత్తవాటిని ముందుకు వేయిస్తారు. కానీ వానలో ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి బండిని దారికి తెచ్చుకునే వీలు కొంతైనా ఉంటుంది. వెనుక చక్రాలు జారితే బండి అడ్డం తిరుగుతుంది, అప్పుడు మామూలు డ్రైవరు చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ముందు టైర్ల లోపలి అంచు అరగడం అలైన్‌మెంట్, అంటే చక్రాల వరుస, తప్పిందనడానికి గుర్తు. దాన్ని సరిచేయించకుండా టైర్లు మార్చుకుంటూ పోతే డబ్బు దండగ. అరిగిన అంచు వైపు ట్రెడ్ లోతు కొలిపించండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అది 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వానాకాలానికి నా లెక్కలో 3 మిల్లీమీటర్లు ఉంటేనే నిశ్చింత.

ప్రశ్న: పేరున్న కంపెనీ టైర్లే సగం ధరకు ఇస్తామంటున్నారు. పాత సరుకేమోనని అనుమానం. ఎలా తెలుసుకోవాలి?
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 1424 అని ఉంటే 2024లో 14వ వారంలో తయారైందని అర్థం. ఈ అంకెలు ఒక వైపే ఉండవచ్చు కాబట్టి టైరును తిప్పి చూడండి. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. ఏడాది లోపుదైతే తీసుకోవచ్చు, మూడేళ్లు దాటినదైతే సగం ధరకైనా వద్దు. ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరిగా ఉండాలి.

ప్రశ్న: ఉచిత సర్వీసులు అయిపోయాయి. ఇకపై బయటి మెకానిక్ దగ్గర పికప్‌కు ఎప్పుడు ఏం చేయించాలి?
— ఒక పాఠకుడు, పీలేరు

జవాబు: బండితో వచ్చిన పుస్తకంలోని పట్టికనే ఆధారం చేసుకోండి. చాలా పుస్తకాల్లో దుమ్ము రోడ్లు, ఘాట్లు, నిత్యం నిండు లోడు ఉన్న బళ్లకు వేరే పట్టిక, అంటే తక్కువ గడువులు, ఉంటాయి. మీరు చూడవలసింది అదే. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు గ్రీజు, డీజిల్ ఫిల్టరులో చేరిన నీటిని వదిలించడం వంటివి ఏ మెకానిక్ అయినా మరచిపోడు కనుక వాటిని వివరించను.

మరచిపోయేది బ్రేకు ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. లోడుతో ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచితే డ్రమ్ముల వేడికి ఆ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా అడుగుకు పోతుంది. అందుకే రెండేళ్లకొకసారి మొత్తం మార్పించండి, ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. కమాన్ కట్టలను ఇరుసుకు బిగించే యూ-బోల్టులను కూడా సర్వీసు చేయించిన ప్రతిసారీ బిగింపు చూపించాలి.

టైర్లలో గాలి వారానికొకసారి, పొద్దున్నే బండి కదలక ముందు చూడండి. నడిచిన టైరులో వేడికి పీడనం పెరుగుతుంది, ఎక్కువైందని అప్పుడు వదిలిస్తే చల్లారాక తక్కువవుతుంది. బండికి అంటించి ఉండే గాలి పీడనం స్టిక్కరు మీద ముందుకూ వెనుకకూ, ఖాళీకీ లోడుకూ వేరువేరు అంకెలుంటే వాటినే పాటించండి. నైట్రోజన్ కోసం వేరే డబ్బు పెట్టనక్కర లేదు, మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకొకసారి టైర్ల స్థానాలు మార్పించండి. చక్రం ఊడదీసి బిగించిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపి నట్లను మళ్లీ బిగించుకోవాలి.

రవాణా బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి కనుక పెద్ద సర్వీసును ఆ గడువుకు ఒక నెల ముందు పెట్టుకుంటే బయటపడిన లోపాలను సరిచేయించడానికి వ్యవధి దొరుకుతుంది.