క్లెప్ కోచింగ్‌కు 1,800 డాలర్లు పెట్టాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి పదకొండో తరగతిలోకి వచ్చింది. ఇప్పటికి రెండు ఏపీ పరీక్షలు (స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులవి) రాస్తే రెండిట్లోనూ 5కి 4 వచ్చింది. యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ చదవాలని తన కోరిక, కుదరకపోతే యూటీ డాలస్. క్లెప్ పరీక్షలు (పాసైతే ఆ కోర్సు కాలేజీలో చదవకుండానే క్రెడిట్ వచ్చేవి) రాయిస్తే డిగ్రీ రెండేళ్లలో అయిపోతుందని స్నేహితులు అంటున్నారు. ఎనిమిది పరీక్షలకు కలిపి ఆన్‌లైన్ కోచింగ్ 1,800 డాలర్లట. కాలేజీ చదువు కోసం దాచే 529 పొదుపు ఖాతాలో 42 వేల డాలర్లు ఉన్నాయి. అందులోంచి తీసి కట్టేయమంటారా? లేక ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ కాలిన్‌లో డ్యుయల్ క్రెడిట్ (స్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చదివి రెండుచోట్లా క్రెడిట్ పొందడం) నయమా?

జవాబు: కోచింగ్‌కు కట్టకండి. పరీక్షలు మాత్రం రెండో మూడో రాయించండి.

మీ స్నేహితుల లెక్క ఎలా వచ్చిందో ఊహించగలను. డిగ్రీకి 120 క్రెడిట్ అవర్లు (కోర్సుల బరువును కొలిచే లెక్క), ఒక్కో క్లెప్‌కు సాధారణంగా మూడు, పరీక్ష ఫీజు వంద డాలర్ల చుట్టుపక్కల. ఎనిమిది రాస్తే 24 అవర్లు, అంటే దాదాపు ఏడాది చదువు ఎనిమిది వందలకే వచ్చేసినట్టు. కాగితం మీద బాగానే ఉంది. కానీ యూటీ ఆస్టిన్‌లో ఫుల్‌టైమ్ విద్యార్థులకు ట్యూషన్ గంపగుత్త. సెమిస్టర్‌లో 12 అవర్లు తీసుకున్నా 17 తీసుకున్నా అదే ఫీజు. పాప 24 అవర్లు ముందే సంపాదించుకుని, ఆ తర్వాత నాలుగేళ్లూ సెమిస్టర్‌కు 12 చొప్పున తాపీగా చదువుకుంటే మీకు మిగిలేదేమీ లేదు. ఓ సెమిస్టర్ మొత్తానికి మొత్తం తప్పితేనే డబ్బు మిగులుతుంది. అలా తప్పితే మాత్రం ట్యూషన్, గది, తిండి అన్నీ కలిపి 15 వేల డాలర్ల పైమాటే.

కాబట్టి ప్రతి పరీక్షకూ, ప్రతి కోర్సుకూ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది సెమిస్టర్‌ను తగ్గిస్తుందా?

కంప్యూటర్ సైన్స్‌లో ఈ ప్రశ్నకు జవాబు అంత తేలిగ్గా దొరకదు. ప్రోగ్రామింగ్ అయితేగాని డేటా స్ట్రక్చర్స్ ఇవ్వరు, అది అయితేగాని ఆర్కిటెక్చర్ ఇవ్వరు, ఆ తర్వాతే ఆపరేటింగ్ సిస్టమ్స్. పక్కనే లెక్కల వరస ఇంకోటి. డిపార్ట్‌మెంట్ సైటు నుంచి డిగ్రీ ప్లాన్ ప్రింట్ తీసుకుని, ఏ కోర్సుకు ఏది ముందు పాసవ్వాలో పెన్సిల్‌తో బాణాలు గీయించండి. ఈ పని మీరు కాదు, పాపే చెయ్యాలి. అన్నిటికన్నా పొడవైన వరస ఆరు సెమిస్టర్లుంటే, హిస్టరీ, సైకాలజీ, సోషియాలజీ ఎన్ని క్లెప్‌లు రాసినా ఆరుకంటే తగ్గదు. వరస మొదట్లో ఉన్నవాటిని దాటించే పరీక్షలే ఎక్కువ విలువైనవి. తన విషయంలో అవి ఏపీ కాల్క్యులస్ బీసీ, ఏపీ కంప్యూటర్ సైన్స్ ఏ. ఈ రెండూ ఇంకా రాయకపోతే కష్టమంతా అక్కడ పెట్టమనండి. ఏపీ విషయంలో టెక్సస్ వాళ్లకు ఓ వెసులుబాటు ఉంది. 2015లో వచ్చిన చట్టం ప్రకారం, ఇంకా ఎక్కువ మార్కు ఎందుకు కావాలో ఆధారాలతో చూపిస్తే తప్ప, ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు కింది స్థాయి కోర్సులకు 3 వచ్చినా క్రెడిట్ ఇవ్వాలి. ఇప్పటికే వచ్చిన రెండు నాలుగులూ పనికొచ్చే అవకాశమే ఎక్కువ.

ఇక క్లెప్. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ డిగ్రీ చదివినా అమెరికా చరిత్ర ఆరు అవర్లు, గవర్నమెంట్ ఆరు అవర్లు చదవాల్సిందే, అది రాష్ట్ర చట్టం. ఈ పన్నెండింటికీ తన మేజర్‌తో సంబంధం లేదు. క్లెప్‌లో అమెరికా చరిత్ర రెండు భాగాలుగా రెండు పరీక్షలు, అమెరికన్ గవర్నమెంట్ ఒకటి ఉన్నాయి. ఒక్కోటి గంటన్నర, మార్కులు 20 నుంచి 80 మధ్య, సాధారణంగా 50 వస్తే పాస్ కింద లెక్క, తుది మాట మాత్రం ఆయా యూనివర్సిటీదే. ఫెయిలైతే మూడు నెలలాగి మళ్లీ రాయవచ్చు. టెక్సస్ గవర్నమెంట్ భాగానికి క్లెప్ లేదు, దాన్ని కాలిన్‌లో ఓ వేసవి కోర్సుగా చదివేస్తే సరి. ఏపీలో అమెరికా చరిత్ర రాసి ఉంటే హిస్టరీ క్లెప్ అక్కర్లేదు, ఒకే కోర్సుకు రెండు సార్లు క్రెడిట్ ఇవ్వరు.

ఈ మూడింటికి కోచింగ్ దేనికి? మోడరన్ స్టేట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ క్లెప్ పాఠాలు ఉచితంగా పెడుతుంది, కోర్సు పూర్తి చేసినవాళ్లకు పరీక్ష ఫీజు వోచర్ కూడా ఇస్తుంది. లైబ్రరీలో పుస్తకాలు దొరుకుతాయి. 1,800 డాలర్ల ప్యాకేజీ అమ్మేవాళ్లు మీ భయాన్ని అమ్ముకుంటున్నారని నా అభిప్రాయం.

డ్యుయల్ క్రెడిట్ చవకే. కాలిన్ జిల్లాలో ఉండేవాళ్లకు క్రెడిట్ అవర్ వంద డాలర్లలోపే పడుతుంది. రాష్ట్రంలో కమ్యూనిటీ కాలేజీలకు ఉమ్మడి కోర్సు నంబర్లున్నాయి కాబట్టి ఇంగ్లిష్ 1301 చదివితే ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కడికెళ్లినా దాన్ని సమానమైన కోర్సుగా గుర్తిస్తారు. ఆస్టిన్ సొంత నంబర్లు వాడుతుంది, ఏది దేనికి సమానమో తన సైటులోనే చూపిస్తుంది. ఇక్కడ మాత్రం ఒక మాట గట్టిగా చెప్తాను. క్లెప్‌లో ఫెయిలైతే ఎవరికీ తెలియదు. డ్యుయల్ క్రెడిట్‌లో సి వస్తే అది కాలేజీ మార్కు, జీవితాంతం ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ అని చేరి సెకండియర్‌లో మెడిసిన్ వైపు తిరిగే మన పిల్లలు తక్కువేం కాదు. మెడికల్ కాలేజీ దరఖాస్తులో పదకొండో తరగతిలో చదివిన డ్యుయల్ క్రెడిట్ మార్కులు కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి తనకు పట్టున్న సబ్జెక్టు అయితేనే ఒప్పుకోండి. క్లాస్ ర్యాంకు లెక్కలో ఏపీకి, డ్యుయల్ క్రెడిట్‌కు ఎంతెంత బరువిస్తారో కూడా స్కూల్ కౌన్సెలర్‌ని అడగండి. 2026 ఫాల్ నుంచి ఆస్టిన్ ఆటోమేటిక్ ప్రవేశం టాప్ 5 శాతానికే. అది కూడా యూనివర్సిటీలో సీటుకే గానీ కంప్యూటర్ సైన్స్‌కు హామీ కాదు.

మీరు అడగలేదు గానీ మరో దారి గురించి కూడా చెప్పాలి: పన్నెండు అయ్యాక ఏడాది కాలిన్‌లో చదివించి ట్రాన్స్‌ఫర్ చేయించడం. తన లక్ష్యం చూస్తే వద్దంటాను. స్కూల్లో ఉండగా ఎన్ని అవర్లు సంపాదించినా సాధారణంగా ఫ్రెష్‌మన్ (కొత్తగా మొదటి ఏడాదిలో చేరే విద్యార్థి)గానే చూస్తారు. స్కూలు అయ్యాక కాలేజీలో చేరితే ట్రాన్స్‌ఫర్ విద్యార్థి అవుతుంది, ఫ్రెష్‌మన్ స్కాలర్‌షిప్పులు చాలావరకు చేజారతాయి. ఫీజులో మిగిలింది అక్కడ పోతుంది.

తను ఐవీ కాలేజీలు, పెద్ద ప్రైవేటు వాటి వైపు మళ్లితే లెక్క మొత్తం మారుతుంది. కాల్‌టెక్ ఏపీకి క్రెడిట్ ఇవ్వదు, డార్ట్‌మౌత్ 2018 బ్యాచ్ నుంచి డిగ్రీ కింద లెక్కించడం మానేసింది. అలాంటి చోట్ల క్లెప్ మాట ఎత్తకపోవడమే మంచిది.

529 సంగతి. 2025 జులై 4 తర్వాత తీసే డబ్బును ఏపీ పరీక్ష ఫీజులకు, డ్యుయల్ క్రెడిట్ ఫీజులకు కూడా వాడుకోవచ్చు. చట్టంలో క్లెప్ పేరు లేదు కనుక అది జేబులోంచి కట్టండి. నిజానికి ఇంత చిన్న మొత్తాలకు ఆ ఖాతా ముట్టుకోకుండా ఉంటేనే నాకు ఇష్టం, ఆ 42 వేలు ఇంకో రెండేళ్లు పెరగనివ్వండి. కాలేజీలో చేరాక కూడా ఏటా 4,000 డాలర్ల ట్యూషన్ 529 బయట నుంచి కట్టండి. భార్యాభర్తల ఉమ్మడి ఆదాయం 160 వేలలోపు ఉంటే దాని మీద అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అనే పన్ను రాయితీతో 2,500 డాలర్ల వరకు పన్నులో తగ్గుతుంది. ఆదాయం పెరిగేకొద్దీ అది తగ్గుతూ 180 వేలకు పూర్తిగా పోతుంది. ఈ పన్ను రాయితీ నాలుగు పన్ను సంవత్సరాలకు ఇస్తారు. మూడేళ్లలో చదువు ముగించినా ఫాల్‌లో మొదలై మేలో ముగిసేసరికి నాలుగు క్యాలెండర్ సంవత్సరాలు తగులుతాయి. కాబట్టి తొందరగా ముగిస్తే పన్ను లాభం పోతుందని వెనకాడకండి.

ఆస్టిన్‌లో సీటు వచ్చాక పరీక్షల క్రెడిట్లు వాటంతటవే రికార్డులో పడవు, పాప క్లెయిమ్ చేసుకోవాలి. అన్నీ ఒకేసారి క్లెయిమ్ చేయించవద్దు. మొదట అడ్వైజర్‌తో కూర్చుని, డిగ్రీ ప్లాన్‌లో ఏది ఏ గడిలో సరిపోతుందో చూసుకున్నాకే చేయించండి. ఈలోగా వచ్చే మే పరీక్షలకు ఏపీ నమోదు గడువు స్కూళ్లలో శరదృతువులోనే ముగుస్తుంది. ఆలస్యమైతే అదనపు ఫీజు పడుతుంది, కౌన్సెలర్‌ని ఈ వారమే అడగండి.