లినక్స్‌లో బ్రాడ్‌బ్యాండ్ సెటప్ నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కావాలని ఉంది. పీపీపీఓఈ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) బ్రాడ్‌బ్యాండ్‌ను నేరుగా లినక్స్ మీద సెట్ చేయడం నేర్చుకుంటున్నాను. రౌటర్ ఉండగా ఇదెందుకు, టైమ్ దండగ అంటున్నారు స్నేహితులు. నిజమేనా?

జవాబు: కనెక్షన్ కలపడం వరకే అయితే వాళ్లన్నది నిజమే. నెట్‌వర్క్ మేనేజర్‌లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొడితే పని అయిపోతుంది. ఇంటర్వ్యూలో మాత్రం కలవనప్పుడు మొదట ఎక్కడ చూస్తారని అడుగుతారు. ఆ జవాబు మెనూల్లో దొరకదు.

కాబట్టి మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో (లాగిన్ తను చేయకుండా లైన్‌ను కంప్యూటర్‌కే అందించేలా) పెట్టి, పీపీపీడీతో (లినక్స్‌లో ఈ కనెక్షన్ నడిపే ప్రోగ్రామ్) చేతిమీద చేయండి. పాస్‌వర్డ్ ఉండే పాప్, చాప్ (రెండు లాగిన్ పద్ధతులు) సీక్రెట్స్ ఫైళ్లకు పర్మిషన్ 600 (యజమాని మాత్రమే చదివి, రాయగలిగేలా) ఉండాలి. పాస్‌వర్డ్‌లో హ్యాష్ గుర్తు ఉంటే కొటేషన్లలో రాయండి. లేకపోతే అక్కడి నుంచి కామెంట్ అనుకుని వదిలేస్తుంది.

లాగ్‌లో ప్యాడో ప్యాకెట్ (సర్వర్ కోసం వెతికినప్పుడు అటునుంచి వచ్చే మొదటి జవాబు) కోసం చూసి టైమౌట్ అయిందని వస్తే పాస్‌వర్డ్ జోలికి పోవద్దు, వ్యవహారం ఇంకా అక్కడిదాకా రాలేదు. కేబుల్, ఇంటర్‌ఫేస్ పేరు, వీలాన్ నంబర్ (లైన్‌లో ట్రాఫిక్‌ను విడదీసే గుర్తు), బ్రిడ్జ్ మోడ్ చూడండి. అథెంటికేషన్ ఫెయిల్ అని వస్తే అప్పుడు పాస్‌వర్డ్. ఐపీ వచ్చినా నెట్ రాకపోతే డిఫాల్ట్ రూట్ (బయటి ట్రాఫిక్ వెళ్లే దారి) చూడండి. వైఫై రూట్ అప్పటికే ఉంటే పీపీపీడీ మామూలుగా దాన్ని తీసేయదు. ఐపీ నంబర్‌తో పింగ్ వెళ్లి సైట్ పేరుతో వెళ్లకపోతే అది డీఎన్ఎస్ (పేరును నంబర్‌గా మార్చే సేవ) గొడవ.

అన్నిటికన్నా చిక్కుది ఎమ్‌టీయూ, అంటే ఒక ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజు. ఈథర్‌నెట్ 1500 బైట్లలో పీపీపీఓఈ 8 బైట్లు తినేస్తుంది, మిగిలేది 1492. పింగ్ బాగానే వెళ్తుంది, కొన్ని సైట్లు మాత్రం సగంలో ఆగిపోతాయి, అదీ ఎక్కువగా ఈ మెషీన్ వెనకున్న కంప్యూటర్లలో. ప్యాకెట్ పెద్దదన్న ఐసీఎంపీ కబురును దారిలో ఏ ఫైర్‌వాలో మింగేయడం దీనికి కారణం. ఫ్రాగ్మెంట్ చేయొద్దన్న ఆప్షన్ పెట్టి 1464 బైట్లతో పింగ్ చేయండి. అది వెళ్లి, 1465 వెళ్లకపోతే, హెడర్ల 28 బైట్లు కలిపి మీ లైన్ పరిమితి 1492 అన్నమాట. ఫైర్‌వాల్‌లో టీసీపీ ఎమ్ఎస్ఎస్‌ను (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా గరిష్ఠ సైజు) 1452కు బిగిస్తే సరిపోతుంది.

ప్రాక్టీసుకు ఇంటి లైన్ అక్కర్లేదు. రెండు వర్చువల్ మెషీన్లు చాలు. ఒకదాని మీద ఆర్‌పీ పీపీపీఓఈ ప్యాకేజీలోని సర్వర్ నడపండి, రెండోదాన్ని క్లయింట్ చేయండి. పైన చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా కావాలని చెడగొట్టి, టీసీపీడంప్‌లో (ప్యాకెట్లను చూపించే టూల్) ఏం మారిందో చూడండి. ఓపెన్‌బీఎస్‌డీలోనూ (లినక్స్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఒకసారి చేయండి. అక్కడ పీపీపీఓఈ కెర్నల్‌లోనే ఉంటుంది, పనంతా దాదాపు ఒక్క చిన్న ఫైలుతో తేలిపోతుంది.

దీనికి రెండు వారాంతాలకు మించి పెట్టకండి. డీహెచ్‌సీపీతోనే (ఐపీ అడ్రస్‌ను దానంతటదే ఇచ్చే పద్ధతి) నడిచే లైన్లూ చాలా ఉన్నాయి. తర్వాత రూటింగ్, ఎన్ఎఫ్‌టేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్), డీఎన్ఎస్ సర్వర్ వైపు వెళ్లండి. రెజ్యూమెలో ఉత్తినే "లినక్స్ నెట్‌వర్కింగ్" అని రాయకండి. "పీపీపీఓఈ సర్వర్, క్లయింట్ ల్యాబ్, ఎమ్‌టీయూ లోపం గుర్తించి సరిచేయడం" అని రాస్తే ప్రశ్నలు మీకు తెలిసినచోటే మొదలవుతాయి.