డైసీ ప్లేయర్‌లో ఛార్జింగ్ నిలవట్లేదా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా బాబుకు చూపు లేదు. డిగ్రీ చదువుతున్నడు. పాఠాలన్నీ డైసీ ప్లేయర్ల (చూపు లేనోళ్లు పుస్తకాలు వినే చిన్న యంత్రం) వింటడు. కొత్తల పది గంటలు వచ్చేది, రెండేండ్లకే నాలుగు గంటలకు వచ్చింది. రాత్రంత ఛార్జింగ్ పెట్టినా అంతే. మాది రేకుల ఇల్లు. బ్యాటరీ మారిస్తే సరిపోతదా, ప్లేయరే మార్చాల్నా?
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: తొందరపడి ప్లేయర్ మార్చకండి. ముందు కొలవండి. నిండా ఛార్జ్ చేసి, వై-ఫై, బ్లూటూత్ ఆపి, ఇయర్‌ఫోన్ పెట్టి, బాబు రోజూ వినే సౌండులో ఒక పుస్తకం ఆగకుండా వదలండి. ఎన్ని గంటలకు ఆగిందో రాసుకోండి. వై-ఫై, స్పీకరు కలిసి నడిస్తే కొత్త బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది. సుగమ్య పుస్తకాలయ (చూపు లేనివారి ఆన్‌లైన్ గ్రంథాలయం) పుస్తకాలను కంప్యూటర్‌లో దించి ఎస్‌డీ కార్డులోకి ఎక్కించుకుంటే ప్లేయర్‌లో వై-ఫై పనే ఉండదు. ఇన్ని ఆపినా నాలుగు గంటలే వస్తే బ్యాటరీ పని అయిపోయినట్టే, దాన్ని మార్చాలి.

లిథియం బ్యాటరీ సాధారణంగా 300 నుంచి 500 సార్లు నిండి ఖాళీ అయ్యాక, అందులో పట్టే ఛార్జ్ కొత్తప్పటి దాంట్లో 80 శాతానికి దిగుతుంది. మీది ఇంతగా పడిపోవడంలో వేడి పాత్ర కూడా ఉండొచ్చు. మే నెలలో మన జిల్లాలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకుల కింద ఇంకా కాగుతుంది. బ్యాటరీ 45 డిగ్రీలు దాటి వేడెక్కినప్పుడు ఛార్జింగ్ పెట్టకూడదు. నిండా ఎక్కిన బ్యాటరీ వేడిలో ఉంటే మరీ త్వరగా చెడుతుంది. అందుకే ఎండాకాలంలో తెల్లవారుజామున, కవరు తీసి, షాబాదు బండల నేల మీద పెట్టి ఛార్జ్ చేయండి. పరుపు మీద వద్దు. చల్లగా ఉంటుందని నీళ్ల కుండ పక్కనా వద్దు, చెమ్మకు పిన్నులు తుప్పు పడతాయి. ప్లేయర్ శాతం చెప్పే రకమైతే మామూలు రోజుల్లో 80 దగ్గర తీసేయండి.

బ్యాటరీ ఊడేదైతే ఉబ్బిందేమో బాబే చూసుకోగలడు. దాన్ని నున్నటి బల్ల మీద వెల్లకిలా పెట్టి మూలను వేలితో తోస్తే, బాగున్నది జారుతుంది, ఉబ్బింది బొంగరంలా తిరుగుతుంది. తిరిగితే ఇక ఛార్జ్ చేయకండి, నొక్కకండి. పిన్నులకు టేపు వేసి పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి, చెత్తలో వేయొద్దు.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. వోల్టులు (3.7 ఉంటే 3.7నే), కొలత, పిన్నుల సంఖ్య కలవాలి. చాలా బ్యాటరీల్లో మూడో పిన్ను వేడిని కనిపెట్టేది. అది లేకపోతే ప్లేయర్ ఛార్జింగే తీసుకోకపోవచ్చు. అదే సైజులో రెట్టింపు ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని రాసి ఉంటే నమ్మకండి.

ప్రశ్న: పవర్‌బ్యాంకుతో ఛార్జ్ చేస్తే మధ్యలోనే ఆగిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: బ్యాటరీ నిండుతున్నకొద్దీ ప్లేయర్ తీసుకునే కరెంటు తగ్గుతుంది. అది బాగా తగ్గేసరికి పవర్‌బ్యాంకు ఏమీ తగిలించలేదనుకుని ఆపేస్తుంది. ఏదీ చెడిపోలేదు. తక్కువ కరెంటు మోడ్ ఉన్న పవర్‌బ్యాంకైతే ఈ బాధ ఉండదు.

ప్రశ్న: నాలుగు నెలలు వాడలేదు. ఇప్పుడు ప్లేయర్ పలకట్లేదు.
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: 5 వోల్టుల మామూలు ఛార్జర్‌కు గంటసేపు తగిలించి, తర్వాత ఆన్ చేయండి. బాగా దిగిపోయిన బ్యాటరీ మొదట్లో నెమ్మదిగానే ఎక్కుతుంది, అప్పటిదాకా ప్లేయర్ మూగగానే ఉంటుంది. అయినా లేవకపోతే కేబుల్ మార్చి చూడండి. ఈసారి పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జ్‌తో పెట్టి, రెండు నెలలకోసారి మళ్లీ సగానికి ఎక్కించండి.