చేపలు మోసిన పాత టాటా 207: తుప్పు కంటే ముందు ఉప్పు వదిలించాలి

మీ ప్రశ్న: వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో ఏళ్ల తరబడి చేపలు మోసిన టాటా 207 పికప్ వ్యాన్ కొన్నారు. వెనక బాడీ, క్యాబ్ అడుగు తుప్పు పట్టాయి. రుద్ది, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన పెయింట్ వేస్తే చాలా, ఇంట్లో అవుతుందా అని.

ఇంట్లో అవుతుంది. కానీ ఆ పద్ధతిలో చేస్తే ఒక్క వానాకాలం కూడా నిలవదు. ఐసు కరిగిన ఉప్పునీళ్లు బాడీ ఫ్లోర్ సందుల్లోంచి కారి క్రాస్ మెంబర్ల (ఛాసిస్ అడ్డ దూలాల) మీద, ఛాసిస్ లోపల చేరతాయి. తుప్పు గుంటల అడుగున ఆ ఉప్పు మిగిలిపోతే, పైన ఎంత ఖరీదైన పెయింట్ ఉన్నా అది తేమను లాక్కుని పొక్కులు లేపుతుంది. వైజాగ్ గాల్లో తేమకి ఏ నెలలోనూ కరువు లేదు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు బాడీ దించి ఛాసిస్ చూడండి. చిన్న సుత్తితో పొడవునా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట చప్పుడు డబ్‌మని చచ్చిపోతుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో బలంగా పొడవండి. కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర గానీ స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట గానీ దిగిందంటే ఇంటి పని ఆపి, గాజువాక ఆటోనగర్‌లో ఛాసిస్ పనివాళ్లకి చూపించండి. అక్కడ పల్చటి రేకు అతికితే ప్రాణాల మీదకి వస్తుంది. అలాగే గ్రైండర్ పట్టే ముందు పంచ్ చేసిన ఛాసిస్ నంబర్ వెతికి, పెన్సిల్ ప్రింట్ తీసుకుని, గ్రీజు రాసి టేపు వేయండి. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. నంబర్ అరిగితే అక్కడ పెద్ద చిక్కు. రంగు మారిస్తే ఆర్‌సీలోనూ మార్పించాలి.

ఇక అసలు పని, కడగడం. పొరలుగా లేచిన తుప్పును సుత్తి, ఉలితో రాల్చి, ప్రెషర్ వాషర్‌తో ఛాసిస్ లోపలి వైపు, మడతల్లో, క్రాస్ మెంబర్ల కన్నాల్లో బాగా కొట్టండి. తీరం దగ్గర చాలా బోర్లలో ఉప్పు ఉంటుంది, అందుకే కుళాయి నీళ్లే వాడండి. ఆరాక నాలుగంగుళాల గ్రైండర్‌కి కప్ బ్రష్ (గిన్నెలా ఉండే తీగ బ్రష్) పెట్టి రుద్ది, మళ్లీ కడగండి. ఒక్కసారితో వదలదు, గుంటల్లోని ఉప్పు రుద్దాకే బయటపడుతుంది. ఉప్పు పోయిందో లేదో తెలియాలంటే, శుభ్రమైన ఇనుము మీద మంచినీళ్లు పల్చగా చల్లి, రాత్రంతా కవరు కప్పి ఉంచండి. తెల్లారేసరికి ఒట్టి ఇనుము పైపైన కాస్త ఎర్రబడటం మామూలే. గుంటల అడుగున మాత్రం సూదిమొనంత నల్లటి చుక్కలు, వాటి చుట్టూ చెమ్మ కనిపిస్తే ఉప్పు ఇంకా ఉన్నట్టే. మళ్లీ రుద్ది కడగాలి. ఈ ఓపికే మొత్తం పనిని నిలబెడుతుంది.

చిల్లులు పడ్డ క్యాబ్ ఫ్లోర్‌ను మంచి రేకు తగిలేదాకా కోసేసి, 18 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకును మిగ్ వెల్డింగ్‌తో, అంటే వైరు దానంతటదే వచ్చే వెల్డింగ్ మెషిన్‌తో, అతకండి. 0.8 ఎంఎం వైరు చాలు. ఏకబిగిన లాగితే రేకు వంకర తిరుగుతుంది కాబట్టి చుక్క ఇక్కడొకటి, అవతలి మూల ఒకటి పెట్టుకుంటూ రావాలి. వెల్డింగ్‌కి ముందు డీజిల్ ట్యాంకు దించి, బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పేయండి. చిల్లుల మీద లప్పం పూసి మూయొద్దు. లప్పం తేమ పీల్చి వెనక నుంచే రేకును తింటుంది.

రెడ్ ఆక్సైడ్ బదులు, ప్రైమర్ ఒక డబ్బా, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒక డబ్బాగా వచ్చే, రెండూ కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ వాడండి. ఛాసిస్‌కి, బాడీకి రెండు కోటింగ్‌లకు కలిపి ఐదారు లీటర్లు పడుతుంది, బ్రష్‌తోనే వేయొచ్చు. అంచులకు, వెల్డింగ్ కుట్లకు ముందుగా విడిగా ఒక చేయి వేయండి. పెయింట్ పల్చబడేది అక్కడే. ఉదయం మంచు తడి ఆరాక మొదలుపెట్టి, సముద్రపు గాలి ఊపందుకునేలోపు ముగించండి. లప్పం కావాలంటే ఈ ఎపాక్సీ మీదే. పైన పీయూ (పాలీయురేథేన్) పెయింట్ స్ప్రే మాత్రం పెయింట్ బూత్ ఉన్నవాళ్లకి ఇవ్వడం మంచిది. దాని హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు.

పెయింట్ పూర్తిగా గట్టిపడ్డాక క్రాస్ మెంబర్లు, డోర్ల లోపల క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టండి. నీరు దిగే కన్నాలు మూసుకోకుండా తీగతో పొడవండి. అడుక్కి వాడేసిన ఇంజిన్ ఆయిల్ కొట్టమని సలహా ఇస్తారు, వద్దు. రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, బ్రేక్ డ్రమ్ముల్లోకి చేరితే ఇంకా ప్రమాదం. మళ్లీ చేపలకే తిప్పుతానంటే ఐసు పెట్టెలకి కాలువ గొట్టం పెట్టి, నీళ్లు ఛాసిస్ మీద పడకుండా వెనక్కి దింపండి. రోజూ ట్రిప్పు అయ్యాక అడుగంతా మంచినీళ్లతో కడగండి.